క్లయింటు ఒకరే, కేసు ఎవరి మీద?

ఉక్రెయిన్ మాజీ ప్రధాని యూలియా తిమొషెంకోను 2011లో జైల్లో పెట్టారు. ఆ విచారణ ఎలా జరిగిందో నివేదిక రాయమని యానుకోవిచ్ ప్రభుత్వమే స్కాడెన్ అనే అమెరికన్ లా సంస్థను పెట్టుకుంది. సంస్థకు 40 లక్షల డాలర్లకు పైగా ముట్టింది. నివేదిక బాధ్యత చూసింది గ్రెగొరీ క్రెయిగ్. ఒబామా వైట్‌హౌస్‌లో న్యాయ సలహాదారుగా చేసిన మనిషి. బేరం వెనక ఉన్నది యానుకోవిచ్‌కు ఏళ్ల తరబడి పనిచేసిన రిపబ్లికన్ లాబీయిస్టు పాల్ మానఫోర్ట్.

ఇలాంటి పనుల కోసమే అమెరికాలో 1938 నుంచి ఫారా చట్టం ఉంది. పరాయి ప్రభుత్వం తరఫున మాట్లాడొచ్చు. కాకపోతే న్యాయశాఖలో నమోదై ఒప్పందం, డబ్బు లెక్క బయటపెట్టాలి. దశాబ్దాల పాటు దాని కింద క్రిమినల్ కేసులే అరుదు. ముల్లర్ విచారణతో ఆ చట్టానికి దుమ్ము దులిపారు.

మానఫోర్ట్ 2018లో ఫారా ఉల్లంఘనతో సహా నేరం ఒప్పుకున్నారు. 2020 డిసెంబరులో ట్రంప్ ఆయనకు క్షమాభిక్ష పెట్టారు. నివేదిక విషయమై పత్రికలతో మాట్లాడిన సంగతిలో ఫారా అధికారులకు నిజం దాచారని 2019 ఏప్రిల్‌లో క్రెయిగ్‌పై కేసు పెట్టింది ట్రంప్ న్యాయశాఖే. సెప్టెంబరులో జ్యూరీ కొన్ని గంటల్లోనే ఆయన నిర్దోషి అని తేల్చింది. ఇది కక్షసాధింపే అని తెగేసి చెప్పలేం, కేసు మూలాలు ముల్లర్ విచారణలోనే ఉన్నాయి. కానీ ఎవరికి కోర్టు, ఎవరికి క్షమాభిక్ష అన్నది అధికారానికి ఎంత దగ్గరో దాన్నిబట్టే తేలింది. 2025 ఫిబ్రవరిలో అటార్నీ జనరల్ పామ్ బోండీ ఫారా క్రిమినల్ కేసులను గూఢచర్యం లాంటి వాటికే పరిమితం చేశారు. ఒకప్పుడు ఖతార్ కోసం ఫారా కింద నమోదైన లాబీయిస్టు కూడా ఆవిడే!

ఇందులో మనకేం పని అంటారా? 2025 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లోని మన రాయబార కార్యాలయం ట్రంప్ సలహాదారుగా చేసిన జేసన్ మిల్లర్ సంస్థను నెలకు లక్షన్నర డాలర్లకు పెట్టుకుంది. ఆ ఒప్పందం ఫారా ఫైళ్లలో ఉంది, ఏ విద్యార్థి అయినా చదువుకోవచ్చు. లాబీయింగ్‌ను బయటపెట్టించే అలాంటి చట్టం మనకు లేదు. ఉన్నది ఎఫ్‌సీఆర్‌ఏ. అది లెక్క చెప్పమనడంతో ఆగదు, అనుమతి ఇస్తుంది, లాక్కుంటుంది. గుజరాత్‌లో అంటరానితనంపై పనిచేసే నవసర్జన్ ట్రస్టు రిజిస్ట్రేషన్‌ను 2016 డిసెంబరులో రద్దు చేశారు. కులాల మధ్య సామరస్యం చెడగొడుతోందని కారణం చెప్పారు.

విదేశంలో మాట్లాడే హక్కు డబ్బున్న రాయబార కార్యాలయానికేనా? అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదిక ఐక్యరాజ్యసమితిలో సంప్రదింపుల హోదాకు 2008లో దరఖాస్తు పెట్టింది. భారత ప్రతినిధులు ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ వాయిదా వేయించారు. హోదా వచ్చింది 2022 డిసెంబరులో.