పండుగ టర్కీ, మిగిలిన పులుసు

మా కామసముద్రంలో కోడి అంటే నాటుకోడే. టర్కీ కోడిని నేను మొదటిసారి చూసింది రాబర్ట్‌సన్‌పేటలో, చిన్నప్పుడు నాన్నగారి వెంట క్రిస్మస్ ముందు బజారుకు వెళ్ళినప్పుడు. బంగారు గనుల్లో తెల్లదొరలున్న నాటి అలవాటది. 2001లో గనులు మూతపడ్డా పండుగ ముచ్చట మాత్రం పోలేదు.

క్రిందటేడు మా అల్లుడు బెంగళూరు నుంచి అయిదు కిలోల టర్కీ తెచ్చాడు, గడ్డకట్టింది. మా ఆవిడ దాన్ని రాత్రంతా వంటగట్టు మీద వదిలేసింది. తెల్లారేసరికి పైన మెత్తన, లోపల రాయి. లోపలి మంచు కరిగేలోగా పైమాంసంలో క్రిములు పెరుగుతాయి. ఫ్రిజ్ కింది అరలో, పళ్ళెంలో పెట్టి కరిగించాలి. రెండు కిలోలకు ఒక రోజు చొప్పున. బ్యాంకువాణ్ణి, ఈపాటి లెక్క ముందే వేయాల్సింది నేనే.

కొళాయి కింద కడగనిదే మనవాళ్ళకు మనసొప్పదు. ఆ తుంపరలు పక్కనున్న కొత్తిమీర కట్ట మీద పడతాయి. క్రిములను చంపేది నీళ్ళు కాదు, వేడి. తొడ లోపల 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. మాంసంలో గుచ్చే థర్మామీటరు దొరుకుతుంది. ముక్కలు కొట్టి పులుసు పెట్టుకునే మన పద్ధతిలో ఆ వేడి సులువుగానే అందుతుంది.

మా కొంప ముంచింది వంట కాదు, మిగిలింది. పెద్ద గిన్నెడు పులుసు మూతపెట్టి రాత్రంతా పొయ్యి మీదే ఉంచాం. మర్నాడు మధ్యాహ్నం వేడిచేసి రాగిముద్దతో అందరం తిన్నాం. మాకు కడుపులో గడబిడతో సరిపోయింది. ఎనభై రెండేళ్ళ మా అమ్మకు రాత్రి పదకొండింటికి విరేచనాలు పట్టుకున్నాయి. కారులో కోలారుకు తీసుకెళ్ళాం, రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. "కూర ఎంతసేపు బయట ఉందండీ?" అని డాక్టరమ్మ అడిగితే నేను తల దించుకున్నాను.

క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే క్రిమి ఉంది. దాని బీజాలు ఉడికినా చావవు. పెద్ద గిన్నె నిదానంగా చల్లారుతుంటే మొలకెత్తి పెరుగుతాయి. ఇంకో రకం క్రిములు విడిచే విషం మళ్ళీ మరిగించినా విరగదు. అందుకే మిగిలినదాన్ని వెడల్పాటి చిన్న గిన్నెల్లోకి పంచి, రెండు గంటల్లోపల ఫ్రిజ్‌లోకి చేర్చాలి. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటలోపలే. అక్కడా మూడు నాలుగు రోజులే గడువు. ఇది ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు, దాచేకొద్దీ పెరిగేది క్రిములే. కరెంటు పోతే తలుపు తీయకండి. నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది.

ఈ ఏడూ టర్కీ తెస్తానని అల్లుడు ఫోను చేశాడు. అమ్మ తెమ్మంది. పులుసు మాత్రం ఏ పూటకాపూటే కావాలట.