విలీనమా? అతుకులబొంతా?

రెండు సంస్థలను కలిపేస్తే నష్టాలు తీరుతాయని వాదించే విజ్ఞులకు 2007 నాటి ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిరిండియాల విలీనాన్ని గుర్తుచేయవలసివుంది. పేరు ఒకటైంది, జీతాలూ, సీనియారిటీ జాబితాలూ రెండుగానే మిగిలాయి. సమాన వేతనం కోరి 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె చేశారు. వారికి డ్రీమ్‌లైనర్ శిక్షణ ఇస్తే తమ పదోన్నతులకు గండి పడుతుందని 2012లో ఎయిరిండియా పైలట్లు 58 రోజులు విధులు మానుకున్నారు. అమెరికా, ఐరోపా మార్గాలలో ఎన్నో విమానాలు రద్దయ్యాయి.

పైలట్లది పొగరన్నారు. నేననను. మా అనంతపురం మెట్టలో ఇద్దరు రైతులు ఒక బోరును పంచుకుంటే, మోటారు వేయకముందే ఎవరి వంతు ఎప్పుడో తేల్చుకుంటారు. ఆపాటి ఇంగితం ఢిల్లీ పెద్దలకు లేకపోయింది. ధర్మాధికారి సంఘం నివేదిక వచ్చింది 2012లో. పెళ్ళయిన అయిదేళ్ళకు జాతకాలు చూసినట్లు! అదే ఏడు ఆ సంస్థకు దశలవారీగా సుమారు 30 వేల కోట్ల ప్రజాధనం పోయడానికి కేంద్రం ఒప్పుకుంది. వాన ఎరుగని రైతు కొన్న అగ్గిపెట్టె మీది పన్నూ అందులో ఉంది.

2022లో టాటాల చేతికి వెళ్ళిన ఎయిరిండియాలో 2024 నవంబరులో విస్తారా కలిసింది. అంతకు కొన్ని నెలల ముందే, కొత్త జీతాలు నచ్చని పైలట్లు సెలవు పెట్టగా విస్తారా విమానాలు ఆగాయి. పాఠం ఎవరు నేర్చినట్లు?

సూత్రం చెప్పకుండా సంధి చేసిన విద్యార్థికి మేము సున్నా వేసేవాళ్ళం. వీరికి ఎన్ని మార్కులు వేద్దామంటారు?