తీర్పు రాకముందే ‘ఖైదీ’

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున పోడు కేసులో రిమాండ్‌కు వెళ్లిన మనిషిని పోలీసులూ పత్రికలూ ‘విచారణ ఖైదీ’ అంటారు. విచారణ మొదలే కాదు, ఖైదీ అన్న మాట మాత్రం అతుక్కుంటుంది. 2021 ఆగస్టులో కొణిజర్ల మండలం ఎల్లన్ననగర్ పోడు గొడవలో గిరిజన మహిళలపై హత్యాయత్నం కేసు పెట్టి జైలుకు పంపారు. చంటిబిడ్డలూ తల్లుల వెంట వెళ్లారు. మరి ఆ పిల్లల్ని ఏమనాలి?

ఎన్‌సీఆర్‌బీ 2022 లెక్కల్లో దేశంలోని జైళ్లలో ఉన్నవాళ్లలో 75.8 శాతం శిక్ష పడనివాళ్లే. వాళ్లలో దళితుల వాటా జనాభాలో వాళ్ల వాటాను మించింది. బెయిలు వచ్చినా జామీను కావాలి. పట్టా లేని పోడు రైతు ఏ కాగితం చూపుతాడు?

2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్ల నుంచి కులం గడి తీసేయమంది. మేం స్వాగతించాం. తీర్పు రాని మనిషిని మేం ‘నిందితుడు’ అనే రాస్తున్నాం.