డేటా చోట కోడ్ నడపకండి

ఢిల్లీలోని ద్వారక సెక్టార్ 3లో నేతాజీ సుభాష్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదివే మన తెలుగు పిల్లలకూ, ఎక్కడున్నా బోర్డులతో కుస్తీ పడుతున్న అందరికీ ఈ మాట. నడుస్తున్న ఫంక్షన్‌ను మెమ్‌కాపీతో డేటా అర్రేలోకి ఎత్తి, అక్కడికి దూకించే పని దయచేసి పెట్టుకోకండి.

ముందు కొలతే తప్పుతుంది. తర్వాతి ఫంక్షన్ చిరునామాలోంచి ఈ ఫంక్షన్ చిరునామాను తీసేస్తే సైజు వస్తుందనుకుంటారు. కానీ మీరు రాసిన వరుసను కంపైలర్ పాటించాలని లేదు. కార్టెక్స్-ఎం చిప్‌లో థంబ్ కోడ్‌కు గుర్తుగా ఫంక్షన్ పాయింటర్ చివరి బిట్ 1 ఉంటుంది. దాన్ని చెరపకుండా కాపీ చేస్తే మొదటి బైటు వదిలేసి మొదలవుతుంది. లోపలి పిలుపులు దూరాన్ని బట్టి రాసినవైతే, చోటు మారగానే అవి ఎక్కడికో పోతాయి.

క్యాష్ ఉన్న కొన్ని ప్రాసెసర్లలో ఇంకో గండం. కొత్త బైట్లు డేటా క్యాష్‌లోనే ఉండిపోవచ్చు, ప్రాసెసరేమో పాత ఆదేశాలే చదవచ్చు. డీబగ్గర్ పెడితే నడిచి, తీస్తే పడిపోతోందా? క్యాష్‌ను అనుమానించండి. ఆర్డ్వినో ఊనోలోని ఏటీమెగా328 అయితే ర్యామ్‌లోంచి కోడ్ నడపనే నడపదు. అక్కడ ఎంత తంటాలు పడ్డా ఫలితం లేదు.

నాకు అన్నిటికన్నా భయం వేరే ఉంది. లినక్స్‌లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చిందని స్టాక్‌లోంచి కోడ్ నడవనిచ్చే ఎగ్జెక్‌స్టాక్ ఆప్షన్ తగిలించి ఊపిరి పీల్చుకుంటారు. 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌లో బయల్దేరిన మోరిస్ వార్మ్ ఫింగర్ సర్వీసుకు బఫర్ పట్టనంత ఇన్‌పుట్ పంపి, వ్యాక్స్ యంత్రాల స్టాక్‌లో తన కోడ్ నడిపించింది. అలాంటి దాడులు ఆపడానికే డేటాలోంచి కోడ్ నడవకుండా కాపలా పెట్టారు. విండోస్‌లోకి అది 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో వచ్చింది. ఆ కాపలాను మీ చేత్తో మీరే తీసేయకండి.

ఫ్లాష్ చెరిపే రొటీన్ ర్యామ్‌లో ఉండక తప్పని సందర్భాలున్నాయి, నిజమే. అప్పుడు ఆ ఫంక్షన్‌కు లింకర్ స్క్రిప్ట్‌లో వేరే సెక్షన్ ఇవ్వండి. చిరునామాలు లింకర్ సరిచేస్తుంది, స్టార్టప్ కోడ్ దాన్ని ర్యామ్‌లోకి చేరుస్తుంది. లినక్స్‌లో అయితే రాసేటప్పుడు రాత అనుమతి, రాయడం అయ్యాక ఎమ్‌ప్రొటెక్ట్‌తో అది తీసేసి నడిపే అనుమతి. రెండూ ఒకేసారి వద్దు. ఆర్మ్‌పై క్యాష్ శుభ్రం చేశాకే దూకండి.

ఇవాళే మీ మేక్‌ఫైల్ తెరవండి. ఎగ్జెక్‌స్టాక్ కనిపిస్తే తీసేయండి. తీయగానే ప్రోగ్రామ్ పడిపోతే, ఏ చిరునామా దగ్గర పడిందో చూసి అక్కడినుంచే వెతకండి.