గులాబి మొక్క కొనేముందు మన ఎండను అడగండి



నెల రోజుల్లో నలుగురు ఒకటే ముచ్చట అడిగిన్రు. "అన్నా, గులాబి నూనె కిలో లక్షలు పలుకుతదట. మొక్కలు కంపెనీవోళ్లే ఇస్తరట, పువ్వు వాళ్లే కొంటరట. ఎకరం పెట్టమంటవా?" అని. ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పుడు కంటే ఇక్కడ రాస్తే అందరికీ తెలుస్తదని రాస్తున్న. నా మాట ముందే చెప్త. నూనె గులాబి మన హుజూరాబాద్ దిక్కు వద్దు. వాసన గులాబి మాత్రం కొంచెం కొంచెం పెట్టొచ్చు. రెండూ ఒకటి కాదు.

నూనె తీసేదాన్ని డమస్క్ గులాబి అంటరు. అది ఎక్కడ పండుతున్నదో చూడండి. బల్గేరియాల కజాన్లక్ లోయ, టర్కీల ఇస్పార్టా, మన దేశంల అలీగఢ్, హాథ్రస్ దిక్కు, హిమాచల్ కొండలు. అన్నిట్ల ఉన్నది ఒక్కటే, చలి. చలికాలంల గట్టి చలి తగిలితేనే ఆ చెట్టు మంచిగ మొగ్గ కడతది. సాలుకు ఒక్కసారి, నెల రోజులు అటుఇటు పూసి ఊకుంటది. ఉత్తరాదిల దాన్ని ఫస్లీ గులాబ్ అనేది అందుకే, అంటే ఒక్క సీజన్ గులాబి అన్నట్టు.

"సౌదీ ఎడారిల పండంగ మన దగ్గర ఎందుకు పండదు?" అని ఒక తమ్ముడు అడిగిండు. తాయిఫ్ గులాబి ముచ్చట నిజమే. కానీ తాయిఫ్ 1,800 మీటర్ల దాకా ఎత్తున్న కొండ ఊరు, రాత్రిళ్లు చల్లబడుతది. మనం 300 మీటర్ల లోపే ఉన్నం. దేశం పేరు చూసి మోసపోవద్దు. ఎత్తు చూడాలె, రాత్రి చలి చూడాలె.

ఇగ లెక్క చూద్దాం. కిలో నూనె రావాలంటే దగ్గర దగ్గర 4 టన్నుల పువ్వు కావాలె. ఆ చెట్టుకు నచ్చిన నేలల కూడా ఎకరానికి టన్ను, టన్నున్నర పువ్వే వస్తది. అంటే ఎకరం మొత్తం తెంపితే పావుకిలో, మరీ మంచిగైతే ఇంకొంచెం. పువ్వును పొద్దు ఎక్కకముందే తెంపాలె, అదే రోజు బట్టీల పడాలె. ఎండ తగిలినకొద్దీ నూనె గాలికి పోతది. కనౌజ్ల రాగి పాత్రల అత్తరు తీసే బట్టీలు తరతరాలుగా ఉన్నయి, ఆ చుట్టుపక్కల రైతులకు నడుస్తది. మనకు బట్టీ ఏది? లక్షల ధర నూనెకు. మనం అమ్మేది పువ్వు. ఈ తేడాను మొక్కలమ్మెటోళ్లు నోరు తెరిచి చెప్పరు.

నేను కూడా దెబ్బ తిన్నోన్నే. నాది పొడుగు కాడ గులాబి. రంగు చూసి, ఫొటో చూసి, ఒక నర్సరీల అంటు మొక్కలు కొని పది గుంటలల్ల పెట్టిన. చలికాలం సూపర్ పూసింది. ముక్కు కాడ పెట్టుకుంటే మాత్రం ఏ వాసనా లేదు. మే నెల వచ్చింది, ఆకుల అంచులు మాడినయి, పువ్వు రూపాయి బిళ్లంత అయింది. వానలు పడంగనే నల్లమచ్చ తెగులు, ఎనక కొమ్మ ఎండు. ఆఖరికి అంటు చచ్చిపోయి, కింది అడవి గులాబి లేచింది. మూడో ఏడు పీకేసి పత్తి పెట్టిన. అదే ఎండల మా ఇంట్ల గోలెం కాడ మా అమ్మ నాటిన నాటు గులాబి మాత్రం పూసుకుంటనే ఉన్నది.

తర్వాత తెలిసింది. ఆ పొడుగు కాడ రకాలు హోసూరు వంటి దాదాపు 900 మీటర్ల ఎత్తుల, అదీ పాలీహౌస్‌ల నడుస్తయి. వాటిని తయారుచేసిందే పెట్టెల దూరం పోవాలని, కుండీల ఎక్కువ రోజులు నిలవాలని. ఆ దారిల వాసన పోయింది. గులాబి వాసనకు పనిచేసే ఒక ఎంజైమును 2015ల ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు గుర్తించిన్రు. వాసన లేని రకంల అది దాదాపు పనిచేస్తలేదని తేలింది. అంటే రకంల లేని వాసన మందు పోస్తే రాదు, ఎరువు ఏస్తే రాదు.

ఈ సంగతి మీద జీవితం పెట్టినాయన ఒకరున్నరు, ఎం.ఎస్. వీరరాఘవన్ గారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల ఐఏఎస్ చేసి, 1980ల ముందే ఉద్యోగం వదిలి కొడైకెనాల్ పోయి గులాబీలు తయారుచేసిన్రు. చలిదేశాల గులాబీని తెచ్చి మన ఎండల బతికించుడు కాదు, మన దేశపు అడవి గులాబీల రక్తం కలిపి వేడిదేశాలకు వేరే గులాబీలు చేయాలె అన్నది ఆయన పట్టుదల. మణిపూర్ కొండల గులాబిని, తూర్పు దిక్కు నీటి ఒడ్డున పెరిగే గులాబిని అందుకు వాడిన్రు. ఒక రకానికి సరోజినీనాయుడు గారి హైదరాబాద్ ఇంటి పేరే పెట్టిన్రు, 'గోల్డెన్ త్రెషోల్డ్' అని. అంత చదివిన మనిషి చెప్పింది మా అమ్మ గోలెం కాడ చూపించిందే.

మరి ఏం పెట్టాలె? ఎడ్వర్డ్ రకం, మనం పన్నీరు గులాబి అంటం. కొమ్మ గుచ్చితే వస్తది, అంటు బాధ లేదు. సాలంత తడవ తడవకు పూస్తది. వాసన డమస్క్ అంత ఘాటు కాదు కానీ దండకు, గుడికి, దర్గా చాదరుకు చాలు. ఎర్ర చెల్క మంచిది. నల్లరేగడిల నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతది, బోదె ఎత్తుగ పొయ్యాలె. వానలు ఎనకబడ్డంక అక్టోబర్ల కత్తిరించి, కోసిన మొనలకు కాపర్ మందు పేస్టు రాయండి. నెలన్నరకు పువ్వు మొదలైతది, చలికాలంల అసలైన వాసన వస్తది. ఎండకాలం పువ్వు చిన్నగైతది, వాసన తగ్గుతది. అది చెట్టు తప్పు కాదు.

ఇది పెడితే లక్షాధికారులు అయితరని నేను అన్న. విడి పువ్వు సాయంత్రానికి వాడిపోతది. హుజూరాబాద్, జమ్మికుంట దుకాణాలు ఎంత కొంటయో మీకే తెలుసు, అందరం ఎకరాలకెకరాలు పెడితే గుడిమల్కాపూర్ దాకా మోసినా కూలి రాదు. ఐదు గుంటలతోని మొదలుపెట్టండి. రోజూ పొద్దు పొడవకముందు పువ్వు తెంపే ఇద్దరు మనుషులు ఇంట్ల ఉన్నరా లేరా, ముందు అది చూసుకోండి.

కంపెనీవోళ్లు వస్తే మూడు అడగండి. ఈ రకం మన జిల్లాల ఎవరి చేన్ల పూసింది, చూపియ్యి. బట్టీ ఎక్కడున్నది? పువ్వు కిలో ఎంతకు కొంటవు, రాసిస్తవా? జవాబు రాకుంటే అడ్వాన్స్ ఇయ్యొద్దు. జమ్మికుంట కేవీకేల అడగండి, హైదరాబాద్ బోడుప్పల్ల సుగంధ మొక్కల పరిశోధన చేసే సీమ్యాప్ కేంద్రం ఉన్నది, అక్కడ అడగండి. అడిగితే పైసలు పోవు. అడగకపోతేనే పోతయి, నాకు పోయినట్టు.