శాక్సఫోనుకు సభాప్రవేశము

1994లో విడుదలయిన ‘డ్యూయెట్’ చిత్రమునకు ఏ.ఆర్. రెహమాన్ కూర్చిన సంగీతములో కద్రి గోపాల్‌నాథ్ శాక్సఫోను మ్రోగినప్పుడు, శాస్త్రీయ సంగీతమన్న పెడమొగము పెట్టువారు సైతము క్యాసెట్లు కొనుక్కొని, పేరు తెలియకయే కల్యాణవసంత రాగమును మరల మరల విని పరవశించిరి. ఈ వ్యాప్తిని వట్టి వ్యాపారమని తీసిపారవేయుట నాకు సమ్మతము కాదు. సభాభవనపు గడప యెన్నడును త్రొక్కనివాని చెవికి రాగము చేరినది క్యాసెట్టు మూలముననే. అయినను, అంగడిలో గెలిచి వచ్చిన కళాకారుని నెత్తికెత్తుకొనుటలో మన గొప్ప యేమున్నది? పేరు లేనినాడు, అమ్మకము లేనినాడు, చేతిలోని వాద్యమే విజాతీయమైననాడు పిలిచి వేదిక నెక్కించిన ఊరిదే ఘనత.

ఆ ఘనత మన కృష్ణా జిల్లాలో గుడివాడకు దక్కినది. 1978లో అచటి త్యాగరాజ ఆరాధనోత్సవములలో, పాలకొల్లున పుట్టిన తొమ్మిదేండ్ల బాలుడు ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌పై తన తొలి కచేరి చేసెను. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవము, 1995లో మైకేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ ఆల్బమ్, దేశదేశముల కీర్తి, ఇవన్నియు ఆ పిమ్మటివి.

పాశ్చాత్య వాద్యమున మన రాగమును పలికించుట యెంత దుష్కరమో వినువారికి తోపదు. మాండొలిన్ తీగ మీటిన మరుక్షణమే నాదమణగిపోవును. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌పై జంటతీగలకు మారుగా ఒంటితీగలు అయిదు బిగించుకొని ఆ నాదమును నిలిపెను. నాదస్వరమునందు వ్రేలికొస రంధ్రమును సగము మూసి, సగము తెరచి గమకమును తీయును; శాక్సఫోనులో రంధ్రములను మూయునవి మీటలు గనుక, వ్రేలికి ఆ స్వాతంత్ర్యము లేదు. పెదవి బిగువును, ఊపిరి ఒత్తిడిని రవంత మార్చి స్వరమును జార్చవలెను. నాదస్వర విద్వాంసుని కుమారుడైన గోపాల్‌నాథ్, మైసూరు రాజప్రాసాదపు బ్యాండులో శాక్సఫోనును చూచి మనసు పడి, ఏండ్ల తరబడి సాధన చేసి దానిని కచేరీ వాద్యముగా మలచెను. 2008లో అమెరికా జాజ్ శాక్సఫోను వాద్యకారుడు రుద్రేష్ మహంతప్ప ఆయనతో కలసి ‘కిన్స్‌మెన్’ ఆల్బమ్ చేసెననగా, జాజ్ లోకమే మన గమకమును వెదకికొని వచ్చినదన్నమాట.

ఇక మా కొండపల్లికి వత్తును. పెండ్లి ఊరేగింపు బొమ్మల దుకాణముల ముందుగా సాగునప్పుడు, బ్యాండు మేళములో శాక్సఫోను పట్టినవాడు రీడును నాలుకతో తడుపుకొని, కుర్రకారు కోరిన సినిమాపాట ముగించి, అడుగువారు లేని ఆ రెండు నిమిషముల వ్యవధిలో మోహన రాగమునందుకొనును. వినిన నాకు తెలియును, అది వట్టి అనుకరణ కాదు. తెల్ల పొణికి కొయ్యతో చెక్కి, చింతగింజల జిగురుతో అతికిన పెండ్లి మేళపు బొమ్మలను అద్దాల బీరువాలలో భద్రపరచుకొను మనము, ప్రాణమున్న మేళమువానిని పందిరి వెలుపలనే నిలిపి, అక్కడనే భోజనము పెట్టి పంపుచున్నాము. ఈ అన్యాయము నన్ను బాధించుచున్నది.

పరదేశపు వాద్యమను ఆక్షేపణ నిలువదు. వయొలిన్ ఐరోపా నుండియే వచ్చినది. ద్వారం వేంకటస్వామి నాయుడు గారి కమానును విన్న జాతి ఆ మాట అనరాదు.

గుడివాడ, విజయవాడ సభలవారు రానున్న ఆరాధనోత్సవములలో బ్యాండు మేళములనుండి ఎంచిన ఒక్క శాక్సఫోను వాద్యకారునికి మృదంగము, వయొలిన్ తోడుగా పూర్తి కచేరి నీయవలెను. ఆషాఢములో ముహూర్తములుండవు, మేళములకు పని యుండదు. ఆ మాసమున సంగీత కళాశాలలు వీరికి సాయంకాలపు తరగతులు నడుపవలెను. నేర్చుకొనునంత కాలము వారి యింట పొయ్యి వెలుగుటకు కావలసిన ఖర్చును సభలు భరింపవలెను.