కొలబద్దకు అందని ఇల్లు: శిశు మేధోవికాసం, కుటుంబ నేపథ్యం

శిశువు మేధోవికాసంలో కుటుంబ నేపథ్యానికి ప్రధానమైన పాత్ర ఉన్నదనడంలో భేదాభిప్రాయం లేదు. ఆ పాత్రను ఏ కొలబద్దతో కొలుస్తున్నారన్న దగ్గరే వివాదమంతా. "తల్లిదండ్రులకు చదువు లేదు, ఇంట్లో వాతావరణం లేదు" అన్న మాట పాఠశాలల్లో తరచు వినబడేదే. విచారణకు లోనుకావలసిన ఆ ఊహ విద్యాపరిశోధనలో సైతం నిర్ధారణగా చెలామణి అవుతున్నది.

బెట్టీ కాల్డ్‌వెల్, రాబర్ట్ బ్రాడ్లీ అమెరికాలో రూపొందించిన 'హోమ్' మాపని గృహవాతావరణాన్ని అంచనా వేసే ప్రసిద్ధ సాధనం. మూడు నుండి ఆరేళ్ల పిల్లలున్న ఇంట కనీసం పది బాలల పుస్తకాలు కనబడాలన్నది అందులో ఒక అంశం. విశాఖపట్నం వన్ టౌన్‌లో, చెంగల్రావుపేటలోనో కోట వీధిలోనో, ఒక మత్స్యకార కుటుంబాన్ని ఆ అంశంతో కొలిస్తే వచ్చేది సున్నాయే కావచ్చు. అయితే చేపలరేవుకు తల్లి వెంట వెళ్లే పిల్ల వంజరాన్ని, చందువను, కానాగంతను, నెత్తళ్లను ఆకారాన్నిబట్టి, పొలుసునుబట్టి వేరుచేస్తుంది. వర్గీకరణ అంటే ఇదే గదా! వేలంపాటలో ధర ఎక్కే క్రమాన్ని చెవితో పట్టుకుంటుంది. అరుగు మీద వామనగుంటలు ఆడే అక్కల పక్కన కూర్చుని, పద్నాలుగు గుంటల్లో పంచుతున్న చింతపిక్క ఎక్కడ ఆగుతుందో ముందుగా ఊహిస్తుంది. పొడుపుకథ విప్పేటప్పుడు పోలికనుండి వస్తువుకు చేరుతుంది. ఇవి ప్రతి ఇంటా ఒకే తీరున నిలిచి ఉన్నాయని కాదు. సెల్‌ఫోను అరుగును చాలావరకు ఆక్రమించింది. ఉన్నవాటినైనా మాపని లెక్కించదన్నదే ఇక్కడి ఆక్షేపణ.

పేదపిల్లలు నాలుగేళ్లు నిండేసరికి మూడు కోట్ల మాటలు తక్కువగా వింటారని హార్ట్, రిస్లీ 1995లో ప్రకటించారు. వారు పరిశీలించినవి 42 కుటుంబాలు. వాటిలో ప్రభుత్వ సహాయంపై బతికేవి ఆరే. ఆరిళ్లనుండి లోకంలోని పేదరికమంతటికీ సిద్ధాంతం పుట్టుకొచ్చింది! పైగా ఆ లెక్కలో ప్రధానమైనది పెంచేవారు నేరుగా బిడ్డతో పలికిన మాట. చుట్టూ ఉన్నవారి సంభాషణనూ కలిపి చూసిన స్పెర్రీ బృందం 2019లో ఆ అంతరాన్ని ప్రశ్నించింది. గోడకు గోడ ఆనుకున్న వన్ టౌన్ సందుల్లో నాయనమ్మ, మేనత్త, ఎదురింటి పిన్ని పలికే మాటలను వదిలేసి బిడ్డ భాషానుభవాన్ని లెక్కగట్టడం ఎట్లా?

లేమి లేదని ఈ వాదం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైన 'యంగ్ లైవ్స్' అధ్యయనం దాదాపు మూడువేలమంది పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించింది. శైశవంలోని ఎదుగుదల లోపం తరువాతి అభ్యసనాన్ని దెబ్బతీస్తుందని దాని సమాచారం చూపింది. ఆ లోపానికి మందు తిండి, వైద్యం, సక్రమంగా నడిచే అంగన్‌వాడీ. కడుపులోని కొరతను నోటిమాటలోని కొరతగా చిత్రించినప్పుడు ప్రభుత్వమూ, పాఠశాలా రెండూ నిందనుండి తప్పుకుంటాయి. నింద తల్లిమీద పడుతుంది.

ఇందులో తెలుగు శాఖల ఉపేక్షకూ వాటా ఉన్నది. బిరుదురాజు రామరాజు పరిశోధన వెలువడిన తరువాత జానపద గేయసేకరణ విస్తృతంగానే సాగింది. జోలపాటకు ఛందస్సు చూశారు, ఆటపాటకు వర్గీకరణ చేశారు. ఆ పాటను ఏ వయసు బిడ్డకు ఎవరు పాడారో, బిడ్డ ఏమని బదులు పలికిందో నమోదు చేయడం మాత్రం అరుదు. వాల్తేరునుండి వన్ టౌన్‌కు దూరం కొద్ది మైళ్లు. ఒక ఇంట మూడేళ్ల పిల్ల చెవినబడిన మాటలన్నిటినీ తెల్లవారుజామునుండి నిద్రవేళదాకా, అక్కడి యాస చెదరకుండా, కుటుంబం అనుమతితో లిఖించడం ఏ పరిశోధక విద్యార్థికైనా సాధ్యమైన పనే.